మైకెన్ అవునంది

మైకెన్‌కు 'వద్దు' అనడం వచ్చిన రోజు నుంచి ఉత్తర స్వీడన్‌లోని స్టోర్‌బెక్‌లిడెన్ బడిలో ఎవరికీ తెరిపి లేదు.

ఏడేళ్ల పిల్ల. నోట మాట లేదు. ఆటిజం అని చిన్నప్పుడే తేల్చారు. శబ్దాలంటే పడదు. వేటకు పోయేటప్పుడు తాత చెవులకు పెట్టుకునే డిప్పల్లాంటివే, చిన్న సైజువి, పసుపు రంగువి, ఎప్పుడూ దాని మెడలో వేలాడుతుంటాయి. కిందటి సెప్టెంబరులో ఆ పిల్లకు ట్యాబ్ ఇచ్చారు. తెర నిండా గళ్లు, గడికో బొమ్మ. బొమ్మ మీద వేలు పెడితే ట్యాబ్ ఆ మాట పలుకుతుంది. మొదటి వారం మైకెన్ దాన్ని బోర్లా తిప్పి, వెనకనున్న నునుపు మీద చెంప ఆనించుకుని ఊరుకుంది. రెండో వారంలో ఎర్ర గడి కనిపెట్టింది.

ఎర్ర గడి నొక్కితే లోపలి నుంచి స్టాక్‌హోమ్ ఆడమనిషి ఒకావిడ, రైలు ఆలస్యమైందని స్టేషన్లో చెప్పేటంత మర్యాదగా, 'వద్దు' అంటుంది. మైకెన్‌కు ఆ మర్యాద చాల్లేదు. సౌండు ఆఖరుదాకా పెంచి పెట్టుకుంది. చేపల పులుసు వద్దు. తీసివేతలు వద్దు. ఉన్ని టోపీ వద్దు. క్రిస్మస్ పాటలు నేర్పడానికి వచ్చిన పాస్టరమ్మను చూసి గుమ్మంలోనే వద్దంది. ఆవిడ మంచి మనిషి కాబట్టి, "ఊరంతా మనసులో అనుకునేదే ఈ పిల్ల పైకి అంటోంది" అని నవ్వి, పాటలో రెండు చరణాలు తగ్గించింది.

ఇంగ్‌బ్రిట్ టీచర్ ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకుని, ఆ బడిలోనే దిద్దిస్తున్న మనిషి. మైకెన్ వద్దన్నప్పుడల్లా ఆమె కడుపు నిండేది. నిరుడంతా ఈ పిల్ల వద్దనడానికి గోడకేసి తల కొట్టుకునేది. ఇప్పుడు వేలితో నొక్కుతోంది. ఇంకేం కావాలి?

కావలసింది పక్కనున్న ఆకుపచ్చ గడి. అది 'అవును'. సాయంత్రం తెర తుడుస్తుంటే ఎర్ర గడి జిడ్డోడుతూ ఉండేది, పక్కది కొత్త అద్దంలా మెరిసేది. దాన్ని మైకెన్ ఒక్కసారీ ముట్టలేదు.

మార్చి వచ్చింది. మంచు మీద ఎండ కాసే కాలం. మధ్యాహ్నం చూరు నీళ్లు కారుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, పొద్దున ఆ గట్టిపడ్డ మంచు మీద కాలు కూరుకోకుండా అడవిదాకా నడిచిపోవచ్చు. ఊరు ఊరంతా గోడకు చేరగిలబడి ఎండకు మొహం పెట్టి కూర్చునే రోజులు. ఇంగ్‌బ్రిట్‌కు మాత్రం ఆ ఎండ ఒంటికి పట్టడం లేదు. శుక్రవారం మున్సిపాలిటీ నుంచి బళ్ల అధికారి స్టెల్లాన్ వస్తున్నాడు.

తీరాన ఉన్న పట్నంలో పెద్ద బడి ఉంది. అందులో ఇలాంటి పిల్లలకు వేరే తరగతి ఉంది, శిక్షణ పొందిన మనుషులున్నారు. వచ్చే ఏడాది నుంచి మైకెన్‌ను అక్కడికి పంపాలా, ఊళ్లోనే ఉంచాలా అన్నది ఆ రోజు తేలుతుంది. పంపితే రోజూ పోనూ రానూ మూడు గంటలు ట్యాక్సీలో. మైకెన్ తల్లి మలిన్ కలప లారీ నడుపుతుంది, తక్కువ మాటల మనిషి. ఆమె ఒకటే చెప్పింది: "ఉంచమంటే ఉంచుతా, పంపమంటే పంపుతా. కానీ ఆ మాట మీరు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. మైకెన్ చెప్పాలి."

పట్నం బడికి వెళ్తావా అంటే మైకెన్ వద్దంటుంది, అనుమానం లేదు. కానీ చేపల పులుసూ వద్దంటుంది, పాస్టరమ్మనూ వద్దంటుంది. అన్నిటినీ వద్దనే పిల్ల ఇంకోటి వద్దంటే స్టెల్లాన్ ఎందుకు లెక్కచేస్తాడు? ఇక్కడే ఉంటావా అంటే అవుననాలి. ఆ ఒక్క మాటే లేదు.

మాటలు రాని పిల్లలకు మాటకు దారి చూపే నిపుణురాలు ఒకామె బడికి వచ్చిపోతోంది. పేరు పెర్నిల్లా. జనవరిలోనే దక్షిణాది నుంచి, డెన్మార్క్‌ను ఆనుకుని ఉన్న స్కోనె సీమ నుంచి, పట్నంలో ఉద్యోగానికి వచ్చింది. నోట్లో గంజి ఉంచుకుని మాట్లాడినట్టుంటుంది ఆ సీమ యాస. మొదటిరోజు బడి వంటమనిషి రూత్ ఆమె మొహం మీదే అడిగేసింది: "నువ్వు డెన్మార్క్ పిల్లవా?"

పెర్నిల్లా కుర్చీలో కూర్చోదు. నేల మీద, మైకెన్‌కు ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుంటుంది. కళ్లలోకి చూడమని అడగదు. ఏదో ఒకటి అడిగి, నోరు మూసుకుని ఉంటుంది. దక్షిణాది మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇంగ్‌బ్రిట్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"నువ్వు కూడా ట్యాబ్‌తోనే మాట్లాడాలి, ఇంగ్‌బ్రిట్," అని మొదట్లోనే చెప్పింది పెర్నిల్లా.

"నాకు నోరుందిగా."

"ఉంది. అందుకే ఆ పిల్లకు నీ భాషే వినిపిస్తోంది. దాని భాష మాట్లాడే మనిషి ఈ బడిలో ఒక్కరు లేరు. నీ చుట్టుపక్కల ఎవరూ స్వీడిష్ మాట్లాడకపోతే నీకు స్వీడిష్ వచ్చేదా?"

"నీ స్వీడిష్ వింటే వచ్చింది కూడా పోయేట్టుంది," అంది ఇంగ్‌బ్రిట్.

అన్నదే కానీ ఆ రోజు నుంచి తనూ మొదలుపెట్టింది. 'మనం' అంటూ ఒక బొమ్మ, 'బయటికి' అంటూ ఒక బొమ్మ, నోటితో పాటు వేలు కూడా కదిలించేది. పిల్లలు అది ఆటనుకుని ఎగబడ్డారు. ఫిబ్రవరి కల్లా మైకెన్ రెండు బొమ్మలు కలిపి నొక్కసాగింది. 'స్కూటర్', 'ఇంకా'. 'టోపీ', 'వద్దు'. అన్నీ వచ్చాయి. అడిగినదానికి అవుననడం మాత్రం రాలేదు.

బుధవారం పెర్నిల్లా ఆఖరుసారి ప్రయత్నించింది. బయట మంచు స్కూటర్ మీద మైకెన్ తాత హెల్మెర్ కూర్చుని ఉన్నాడు. ఆ బండంటే మైకెన్‌కు ప్రాణం. ఆ ఒక్క చప్పుడుకు మాత్రం చెవి డిప్పలు కూడా అక్కర్లేదు.

"మైకెన్, స్కూటర్ ఎక్కుతావా?" అని అడిగి, పెర్నిల్లా ట్యాబ్ దగ్గరికి జరిపింది.

మైకెన్ కిటికీలోంచి చూస్తూ ముందుకూ వెనక్కూ ఊగింది. పెదాలు ముడిచి, వేడి కాఫీ జుర్రినట్టు, గాలి లోపలికి పీల్చింది. షుప్. గడి ముట్టుకోలేదు.

పెర్నిల్లా ఆగింది. చాలాసేపు ఆగింది. తనే ఆకుపచ్చ గడి నొక్కి చూపించింది. మళ్లీ అడిగింది. మళ్లీ షుప్. మూడోసారి అడిగేసరికి మైకెన్ గట్టిగా పీల్చింది, అయినా ఎవరూ లేవలేదు, స్కూటర్ కదల్లేదు. పిల్ల డిప్పలు చెవులకు తగిలించుకుని బల్ల కిందికి దూరింది. చిన్న చెయ్యి ఒకటి పైకొచ్చి ట్యాబ్ లాక్కుపోయింది. కింది నుంచి స్టాక్‌హోమ్ ఆవిడ వద్దు, వద్దు, వద్దు అని మొత్తుకుంది.

పెర్నిల్లా బల్ల పక్కన బోర్లా పడుకుని, "నిన్ను విసిగించాను. తప్పు నాదే," అంది. లేచి కిటికీ తెరిచి హెల్మెర్‌ను కేకేసింది: "తిప్పుకురా తనని! జవాబు చెప్పలేదని ఎక్కనివ్వకపోతే అది పాఠం కాదు, శిక్ష."

ఇంగ్‌బ్రిట్ ఆ షుప్‌లన్నీ వింది. పొయ్యిలో కట్టె చిటపటమంటే విన్నట్టు వింది.

మధ్యాహ్నం పాల్ట్ వండింది రూత్. బంగాళదుంప ముద్దలు, లోపల ఉప్పు పంది మాంసం, పైన వెన్న, పక్కన ఎర్ర లింగన్ పళ్ల జామ్. పిల్లలు తిని ఎండలోకి పరుగెత్తారు. మైకెన్ తన బల్ల కింద తన పళ్లెంతో ఉంది. పెద్దవాళ్లు నలుగురూ మిగిలారు.

"రాత్రిళ్లు తను బాగా నిద్రపోతుందా?" అని పెర్నిల్లా హెల్మెర్‌ను అడిగింది.

"షుప్," అని హెల్మెర్ ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

పెర్నిల్లా ఫోర్కు పట్టుకుని ఆగింది. ఆగింది. హెల్మెర్ తింటూనే ఉన్నాడు.

"ఇంట్లో ఆకలి బాగానే ఉంటుందా?"

"షుప్."

పెర్నిల్లా ఫోర్కు పళ్లెంలో పెట్టేసింది. "ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఈ ఊళ్లో ఉబ్బసం ఎక్కువా?"

"ఎవరికి?" అన్నాడు హెల్మెర్.

"అందరికీ! నీకు, రూత్‌కు. పొద్దున పెట్రోలు బంకులో కాఫీ ఉందా అని అడిగితే అక్కడి మనిషికీ ఇదే అవస్థ. ఏదడిగినా మీరు ఊపిరి ఎగపీలుస్తారు. కట్టెల పొగ వల్లనేమో. మైకెన్‌కైతే ఇవాళ మరీ ఎక్కువగా ఉంది. అడిగినప్పుడల్లా ఒక్కసారి ఎగపీలుస్తోంది. నేనంటే భయమేమో అనుకున్నాను. కానీ హెల్మెర్‌కు నేనంటే భయమనుకోలేను కదా."

హెల్మెర్ మొహం పాల్ట్ కన్నా తెల్లగా అయింది. డెబ్బయ్యో పడిలో కూడా ఎలుగుబంటి జాడ పట్టుకుని పోయే మనిషి. ఎవరూ ఎప్పుడూ ఆయన్ను రోగిష్ఠి అనలేదు.

రూత్ గరిటె ఊపుతూ, "బంకులోవాడు కాఫీ ఇచ్చాడా?" అంది.

"ఇచ్చాడు."

"మరి ఉందనేగా చెప్పాడు."

"ఏమీ చెప్పలేదు."

"చెప్పాడమ్మా. షుప్ అన్నాడు."

ఇంగ్‌బ్రిట్ చేతిలో గ్లాసు గాల్లోనే నిలిచిపోయింది. "రూత్. ఇంకోసారి అను."

"ఏమని?"

"ఇప్పుడు అన్నావే, బంకులోవాడు అన్నది."

"షుప్ అన్నాడు. ఉందీ అని. అవునూ అని. ఇంకేమంటాడు, దణ్ణం పెట్టి చెప్పాలా?"

"మనం అలా అంటామా?" ఇంగ్‌బ్రిట్ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేనెప్పుడూ అనను," అన్నాడు హెల్మెర్ గట్టిగా. "మా నాన్న అనేవాడు. ఆ కాలం వాళ్లు అనేవాళ్లు."

"అవునా హెల్మెర్," అంది రూత్ నిదానంగా. "పోనీలే. ఇంకో పాల్ట్ వెయ్యనా?"

"షుప్," అన్నాడు హెల్మెర్.

రూత్ గరిటె కింద పడేసి నడుం పట్టుకుంది. ఇంగ్‌బ్రిట్‌కు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే కళ్లలో నీళ్లొచ్చాయి. పెర్నిల్లా మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని బల్ల కిందికి వంగి చూసింది.

"విన్నాను నేను దీని గురించి," అంది. "చదువుకునేటప్పుడు ఉత్తరాది వాళ్ల మీద జోకుగా చెప్పుకునేవాళ్లం. జోకే అనుకున్నా. పైగా మాట రాని పిల్ల అని ముందే రాసుకుని వచ్చాను కదా, ఇంక అది మాటని ఎలా అనుకుంటా?"

"నువ్వు రెండు నెలల నుంచి వింటున్నావు. నేను ఊయల్లో నుంచి వింటున్నా," అంది ఇంగ్‌బ్రిట్.

అప్పుడామెకు పాల సంగతి గుర్తొచ్చింది. రోజూ పాలు కావాలా మైకెన్ అని అడుగుతుంది. రోజూ ట్యాబ్ ఊరుకుంటుంది. అయినా రోజూ ఆమె పాలు పోస్తూనే ఉంది. వద్దన్న చేపల పులుసు ఎన్నడూ బలవంతంగా పోయలేదు, పాల గ్లాసు ఎన్నడూ మర్చిపోలేదు. చెవి వినలేదు గానీ చెయ్యి వింటూనే ఉంది.

ఆమె బల్ల కిందికి వంగింది. "మైకెన్. పాలు కావాలా?"

"షుప్," అంది మైకెన్, ఇన్నాళ్లూ అంటున్నట్టే.

నిజంగా నిపుణురాలు కాబట్టి పెర్నిల్లా ముందుగా తేరుకుంది. "మనం సంతోషపడితే చాలదు. శుక్రవారం స్టెల్లాన్ ఊపిరిని ఒప్పుకోడు. రేపు ఆసుపత్రిలోనో, మా సీమలోనో, మైకెన్ అవునంటే ఎవరికీ అర్థం కాదు. నోట్లో ఉన్న అవును నోట్లో ఉండనీ, తెరలో కూడా ఉండాలి. ఆ స్టాక్‌హోమ్ ఆవిడ 'అవును' ఈ ఊళ్లో ఎవరూ పలకరు. ఎవరూ పలకని మాట మైకెన్ ఎందుకు పలకాలి? ఆ గొంతు తీసేసి, మీది పెడదాం."

గొంతు పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. రూత్ ట్యాబ్ ముందు నిలబడి షుప్ అంది. తిరిగి వినబోతే నిశ్శబ్దం. ఇంగ్‌బ్రిట్ అంది, అదీ నిశ్శబ్దమే. హెల్మెర్ కోటు విప్పి, ఛాతీ విరిచి, బల్లమీది కాగితాలు లేచేటట్టు పీల్చాడు. ట్యాబ్‌లో చీమ చిటుక్కుమనలేదు.

పెర్నిల్లా సెట్టింగులన్నీ తిరగేసి, "ఇది మాట కాదు, రొద అనుకుని చెరిపేస్తోంది," అంది.

"ఈ డబ్బా చేసినవాళ్లు ఉత్తరానికి ఒక్కసారీ వచ్చి ఉండరు," అన్నాడు హెల్మెర్.

చెరిపే ఏర్పాటు ఆపేశాక, ఇప్పుడు చూరు నీళ్లు, ఫ్రిజ్ గురక, బయట పిల్లల కేకలు, అన్నీ పడసాగాయి. అందరూ తడి బట్టలు ఆరబెట్టే గదిలోకి మారారు. చుట్టూ వేలాడే మందపాటి మంచుకోట్లు శబ్దాలను మింగేస్తాయి. తడి ఉన్ని వాసనలో, చేతి తొడుగుల మధ్య మెడలు వంచుకుని, ముగ్గురు పెద్దమనుషులు వరసగా గాలి మింగుతున్నారు. హెల్మెర్‌ది దుమ్ము పీల్చే యంత్రంలా వచ్చింది. రూత్‌ది ముద్దు పెట్టినట్టు వచ్చింది. "ఇది ఆ పిల్ల చేత నొక్కించకు, పాస్టరమ్మ ఏమనుకుంటుంది?" అని రూతే చెరిపించేసింది.

గుమ్మం దగ్గర ఎక్కిళ్లలాంటి చప్పుడైంది. మైకెన్ నిలబడి ఉంది. అది దాని నవ్వు.

పెర్నిల్లా ట్యాబ్‌ను మెల్లగా అటు తిప్పింది. "నీదే పెట్టమంటావా, మైకెన్?"

"షుప్."

పెర్నిల్లా వేలు రికార్డు మీద ఉంది. అవును దొరికిపోయింది.

మైకెన్ ట్యాబ్ అందుకుని ఆకుపచ్చ గడి నొక్కింది. తన ఊపిరే తనకు వినిపించింది. డిప్పలు తీసేసి, చెవి తెరకు ఆనించి మళ్లీ నొక్కింది. మళ్లీ. సాయంత్రానికి పచ్చ గడి కూడా జిడ్డోడింది.

ఆ సంగతి ఫోన్లో విని, మలిన్ లారీని రోడ్డు పక్కకు ఆపింది. కలప లారీలు హారన్ కొట్టుకుంటూ పోవడం ఫోన్లో ఇటు వినిపించింది.

గురువారమంతా పరీక్షే. పాలు కావాలా? షుప్. చేపల పులుసు? వద్దు. నువ్వు మైకెన్‌వా? షుప్. నువ్వు రూత్‌వా? మైకెన్ రూత్‌ను కింది నుంచి పైదాకా చూసి ఎర్ర గడి నొక్కింది, కాదనడానికీ దానికున్నది ఆ గడే: వద్దు.

"నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుందే తల్లీ," అంది రూత్.

శుక్రవారం స్టెల్లాన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, పొడుగాటి మనిషి, పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. మలిన్ డ్యూటీ బట్టల్లోనే వచ్చి గోడకు ఆనుకుంది. మైకెన్ బల్ల కింద ఉంది.

"పైకి రాదా?" అన్నాడు స్టెల్లాన్.

"అక్కడి నుంచే మాట్లాడుతుంది. అడిగి ఆగాలి," అంది పెర్నిల్లా.

స్టెల్లాన్ గొంతు సవరించుకున్నాడు. "మైకెన్, పట్నంలో బడికి వస్తావా?"

వద్దు.

"ఇక్కడే, ఈ బడిలో ఉంటావా?"

బల్ల కింద ఏమీ కదల్లేదు. ఇంగ్‌బ్రిట్ మళ్లీ అడగబోయింది. పెర్నిల్లా ఆమె మోచెయ్యి పట్టుకుంది. చూరు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. స్టెల్లాన్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. అప్పుడు కింది నుంచి రెండు షుప్‌లు వచ్చాయి, ఒకటి నోటిది, ఒకటి ట్యాబ్‌ది.

స్టెల్లాన్‌కు అది విడమరిచి చెప్పక్కర్లేకపోయింది, అతని తల్లిదీ ఈ చుట్టుపక్కల ఊరే. కానీ తల అడ్డంగా ఊపాడు. "బాగుంది. కానీ ఎర్రది అయ్యాక పచ్చది నొక్కాలని నేర్పి ఉండొచ్చు. మీరు కావాలని చేశారనను. ఈ పిల్ల మీద మీకున్న ప్రేమ అలాంటిది."

"అయితే మేం అడగని ప్రశ్న నువ్వే అడుగు," అంది పెర్నిల్లా.

స్టెల్లాన్ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చున్నాడు. "మైకెన్, నీకు బడంటే ఇష్టమా?"

ఇంగ్‌బ్రిట్ మనసులో వేడుకుంది: పచ్చది నొక్కు తల్లీ, ఈ ఒక్కసారి.

వద్దు, అంది స్టాక్‌హోమ్ ఆవిడ, కిటికీ అద్దాలు అదిరేటట్టు.

రూత్ వంటింటి గుమ్మంలో కళ్లు మూసుకుంది. స్టెల్లాన్ మాత్రం ఇంకాస్త ముందుకు జరిగాడు.

"ఇష్టం లేదు. అయినా ఇక్కడే ఉంటావా?"

"షుప్," అంది మైకెన్. ఈసారి గడి కూడా నొక్కలేదు.

స్టెల్లాన్ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బల్లకు తల కొట్టుకున్నాడు. "నా కొడుకు కూడా అంతే. బడి ఇష్టం లేదు, బడి మారడం అంతకన్నా ఇష్టం లేదు. నేర్పిన పిల్లయితే బడి ఇష్టమనే అనేది." తల రుద్దుకుంటూ మలిన్ వైపు తిరిగాడు. "నీ కూతురు చెప్పింది. ఇక్కడే ఉంటుంది. పెర్నిల్లా వచ్చిపోతూ ఉంటుంది, ఇంగ్‌బ్రిట్ శిక్షణకు వెళ్లిరావాలి. ఇంకేమైనా ఉందా?"

మలిన్ అతని మాట వినిపించుకున్నట్టు లేదు. బూట్లు కూడా విప్పకుండా మోకాళ్ల మీద పాకుతూ బల్ల కిందికి దూరింది. లోపల చోటు లేదు, కాళ్లు బయటే ఉండిపోయాయి.

"నీ దుప్పటి గీరుకుంటుందా?" అని అడగడం వినిపించింది.

షుప్.

"అందుకా రాత్రి తన్నేస్తావు? నేను జోలపాట పాడితే నీకు చెవి నొప్పా?"

వద్దు.

"నిజంగా? పాడనా అయితే? ఇంకా పాడనా?"

షుప్.

స్టెల్లాన్ సంచి భుజాన వేసుకుని, ఆమె కాళ్లు దాటుకుంటూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి నడిచాడు. వెనక ప్రశ్న మీద ప్రశ్న పడుతూనే ఉంది, ఏడేళ్ల నుంచి మలిన్ అడగలేకపోయినవన్నీ: నీలం మేజోళ్లా, బూడిద రంగువా, లారీలో ముందు సీటా, నన్ను నువ్వు అమ్మా అని పిలుస్తావా మనసులో. ఆ ఆఖరిదానికి జవాబేమొచ్చిందో ఎవరికీ వినపడలేదు. ఇంగ్‌బ్రిట్ పిల్లలందరినీ ఎండలోకి తోలుకుపోయింది. రూత్ ఇద్దరికీ వడ్డించి పళ్లాలు బల్ల కిందికే తోసింది.